మీ బాతుల తుపాకీ పాడవలేదు

ప్రశ్న:

నమస్తే మేడమ్. నాకు 33 ఏళ్లు. తణుకులో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పెళ్లయింది, నాలుగేళ్ల పాప ఉంది. చిన్నప్పటి నుంచీ నాకు వీడియో గేములంటే పిచ్చి. రెండేళ్ల కిందట యూట్యూబ్‌లో ఛానల్ పెట్టాను. దాదాపు రోజూ రాత్రి పది నుంచి పన్నెండున్నర దాకా బీజీఎంఐ, అదే మన పబ్జీ, ఆడుతూ లైవ్ పెడతాను. ఇప్పటికి 412 మంది సబ్‌స్క్రైబర్లు. లైవ్‌లో ఎప్పుడు చూసినా ఇద్దరో ముగ్గురో ఉంటారు, అందులో ఒకడు మా ఆఫీసు కుర్రాడే.

మా బావమరిది, "ఈ ఫోన్‌తో ఆడితే ఎవడు చూస్తాడు బావా, లక్షన్నర పెట్టి మంచి పీసీ ఈఎంఐలో తీసుకో, ఉద్యోగం ఒక ఏడాది పక్కన పెట్టి గట్టిగా కూర్చుంటే క్లిక్ అవుతావు" అంటున్నాడు. మా ఆవిడేమో, "ఆట మీద నాకేం కోపం లేదు. పొద్దున కళ్లు తెరవగానే మీరు ఆ నంబర్లు చూసుకుంటారు, అదే నా బాధ" అంటుంది. ఈలోగా టెలిగ్రామ్‌లో ఒకాయన పరిచయమై, వీడియోల కింద తమ గేమింగ్ యాప్ లింకు పెడితే నెలకి పదిహేను వేలు ఇస్తానన్నాడు. రంగు చెప్పి డబ్బు గెలుచుకునే యాప్ అది. ఉద్యోగం మానేయనా? పీసీ కొననా? లింకు పెట్టనా? అన్నిటికీ టెన్షన్‌గానే ఉంది.

తా.క. మొన్న సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళ్తే అటక మీద మా పాత టీవీ గేమ్ దొరికింది. పసుపు క్యాసెట్టు, తుపాకీ, అడాప్టర్ అన్నీ ఉన్నాయి. మా తమ్ముడూ నేనూ టీవీకి తుపాకీ ఆనించి మరీ బాతుల్ని కొడుతుంటే టీవీ పగిలిపోతుందని అమ్మమ్మ చీపురు పట్టుకుని వచ్చేది. కాంట్రా ఆరో స్టేజీ దాకా వెళ్లాక కరెంటు పోతే తమ్ముడు అన్నం మానేసి పడుకునేవాడు. ఇంటికి తెచ్చి ఎల్ఈడీ టీవీకి తగిలించాను. కాంట్రా, మారియో వస్తున్నాయి. బాతుల ఆట మాత్రం తెర మీద వస్తుంది గానీ ఎంత గురిపెట్టినా ఒక్క బాతూ పడదు. ఆ కుక్క లేచి నవ్వినప్పుడల్లా మా పాప కూడా నవ్వుతోంది. తుపాకీ పాడైపోయిందంటారా?

— పేరు వద్దు, తణుకు

సమాధానం:

మీరు అడిగిన పెద్ద ప్రశ్నలు మూడు. నేను మాత్రం తాజాకలం నుంచే మొదలుపెడతాను.

మీ తుపాకీ పాడవలేదు. ఇన్నేళ్లు అటక మీద ఉంది కాబట్టి లోపల ఏ తీగో ఊడి ఉండవచ్చు గానీ, అది నిన్న కొన్న తుపాకీ అయినా మీ ఎల్ఈడీ టీవీ మీద బాతు పడేది కాదు. ఆ తుపాకీలోంచి ఏదో కిరణం వెళ్లి తెరకి తగులుతుందని చిన్నప్పుడు అందరం అనుకునేవాళ్లం. దానిలోంచి బయటికి వెళ్లేదేమీ లేదు. ఆ గొట్టంలో ఉన్నది వెలుగుని కనిపెట్టే చిన్న సెన్సర్. మీరు ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెరనంతా నల్లగా చేస్తుంది. ఆ వెంటనే బాతు ఉన్న చోట ఒక తెల్లటి చదరం గీస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది కాబట్టి మన కంటికి తెర ఒకసారి మిణుక్కుమన్నట్టు ఉంటుంది, అంతే. తుపాకీకి ముందు చీకటి, వెంటనే వెలుగు కనిపిస్తే బాతు పడ్డట్టు. రెండు బాతులు ఉంటే మొదట ఒకదాని చదరం, తర్వాత రెండోదాని చదరం వస్తాయి. వెలుగు ఏ క్షణంలో వచ్చిందో చూసి ఏ బాతు పడిందో ఆట తేల్చుకుంటుంది. ఆ మొదటి చీకటి ఎందుకంటే, తుపాకీని ట్యూబ్‌లైటు వైపు తిప్పి కొట్టే తెలివైన పిల్లల కోసం. చీకటి ఉండాల్సిన క్షణంలో కూడా వెలుగు కనిపిస్తే అది దొంగ దెబ్బ కింద లెక్క.

ఈ లెక్కంతా పిక్చర్‌ట్యూబ్ టీవీని నమ్ముకుని వేసింది. ఆ టీవీలో బొమ్మ పెట్టెలోంచి రావడం, తెర మీద పడటం ఒకేసారి జరుగుతాయి. మీ ఎల్ఈడీ టీవీ అలా కాదు. వచ్చిన బొమ్మని ముందు తీసుకుంటుంది, తన తెర సైజుకి సాగదీస్తుంది, దిద్దుతుంది, అప్పుడు చూపిస్తుంది. సెకనులో చిన్న ముక్కే ఆలస్యం. అయినా ఆ తెల్ల చదరం తెర మీదకి వచ్చేసరికి తుపాకీ చూడాల్సిన సమయం దాటిపోతుంది. కుక్క నవ్వుతుంది. నింటెండో కంపెనీ అసలు తుపాకీల్లో అయితే పిక్చర్‌ట్యూబ్ వెలుగుకి ఉండే అదురుని తప్ప వేరే వెలుగుని పట్టించుకోని ఏర్పాటు కూడా ఉండేది. ఈ బాతుల ఆట డక్ హంట్‌ని నింటెండో వాళ్లు జపాన్‌లో 1984లో తెచ్చారు. అప్పటికి ఎల్ఈడీ టీవీ వస్తుందని వాళ్లు ఎందుకు అనుకుంటారు?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో బీజీఎంఐ గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. ఏ మ్యాప్ ఇష్టమో, ఏ రోజు ఏ ఆట గెలిచారో, ఏ స్నేహితుడితో ఆడితే బాగుంటుందో, ఒక్క ముక్క లేదు. ఎన్ని గంటలు ఆడతారు, ఎంతమంది చూస్తారు అన్న లెక్కలే ఉన్నాయి. అటక మీది పెట్టె దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మమ్మ చీపురు వచ్చింది, తమ్ముడు అన్నం మానేశాడు, పాప నవ్వింది. వీడియో గేముల పిచ్చి అన్నారు చూడండి, అది ఈ తాజాకలంలోనే ఉంది. మీ ఛానల్‌లోకి అది ఇంకా రాలేదు.

రాకపోవడానికి కారణం ఊహించగలను. ఛానల్ పెట్టినప్పుడు చుట్టూ అందరూ బీజీఎంఐ లైవ్‌లే పెడుతున్నారు, మీరూ అదే పెట్టారు. ఆ ఆటలో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు రోజంతా సాధన చేసి ఆడతారు. వాళ్ల వేళ్ల వేగం ముందు మీరూ నేనూ చాలం. ఆఫీసులో నెలాఖరు లెక్కలు ముగించుకుని వచ్చి, రాత్రి పదింటికి, పాపని నిద్రలేపకుండా గొంతు తగ్గించి మాట్లాడుతూ వాళ్లతో పోటీకి దిగడం దేనికి? మిమ్మల్ని ఎవరూ చూడకపోవడం మీ తప్పు అని నేను అనుకోవడం లేదు. ఆ చోటు మీది కాదు, అంతే.

మీ చోటు ఎక్కడుందో ఆ పెట్టెనే అడగండి. మన ఊళ్లలో అమ్మిన ఆ టీవీ గేములు చాలావరకు 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫ్యామిలీ కంప్యూటర్‌కి నకళ్లు. క్యాసెట్టు మీద 9999 ఆటలు అని రాసి ఉండేది. లోపల ఉన్నవి ఏ ఇరవయ్యో ముప్పయ్యో. అవే మళ్లీ మళ్లీ, పేరు కాస్త మార్చి, మొదలయ్యే స్టేజీ మార్చి, ప్రాణాల సంఖ్య పెంచి జాబితాలో తిప్పేవాళ్లు. మీరు అకౌంట్స్ మనిషి. ఆ జాబితా ముందు కూర్చుని ఏ నంబరు దేనికి నకలో ఖాతా రాసినట్టు రాసి తేల్చండి. అసలు ఆటలు ఎన్నో చివర్లో చెప్పండి. నేనైతే ఆఖరి దాకా చూస్తాను.

ఇంకా బోలెడు ఉంది. క్యాసెట్టు రాకపోతే నోటితో ఊదేవాళ్లం గదా. ఊదితే పని చేయడం ఊదడం వల్ల కాదు. తీసి మళ్లీ పెట్టడంలో లోపలి పిన్నులు సరిగ్గా ఆనుకోవడం వల్ల. నోటి తడి తగిలి ఆ పిన్నులు తుప్పు పట్టేవి, అదొక్కటే మనం చేసిన ఉపకారం. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం, అన్ని లోకాలూ పాటా కలిపి, 40 కిలోబైట్లు. పొద్దున్నే పెద్దమ్మ వాట్సాప్‌లో పంపే శుభోదయం బొమ్మ అంతకంటే పెద్దది. అంత చిన్న చోటులో ఇమడ్చడానికి వాళ్లు పడ్డ పాట్లు తెర మీద కనిపిస్తాయి కూడా. పైన మబ్బు, కింద పొద ఒకే బొమ్మ, రంగు మార్చారంతే. చిన్నప్పుడు వందసార్లు ఆడినా నూటికి తొంభై మంది గమనించి ఉండరు. మీరు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు.

కాంట్రాలో ముప్పై ప్రాణాల కోడ్ సంగతి మీ తరానికి చెప్పక్కర్లేదు. పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ. అది ఎక్కడిదో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. కొనామి కంపెనీలో కజుహిసా హషిమోతో అనే ప్రోగ్రామర్ 1986లో గ్రాడియస్ అనే ఆటని ఇంటి పెట్టెకి మారుస్తున్నాడు. పరీక్ష కోసం ఆడదామంటే ఆట ఆయనకే కష్టంగా ఉంది. అందుకని తన సౌకర్యానికి ఆ కోడ్ పెట్టుకున్నాడు. ఆట బయటికి వచ్చినప్పుడు కోడ్ కూడా దానితోనే వచ్చింది. తర్వాత కంపెనీ ఇంకా ఎన్నో ఆటల్లో దాన్ని పెట్టింది. హషిమోతో 2020లో కన్నుమూశారు. ఆరో స్టేజీ దగ్గర కరెంటు పోయి అన్నం మానేసిన మీ తమ్ముడు ఈ కథ వింటే ఏమంటాడో, ఆ ముక్క ఫోన్లో రికార్డు చేసి వీడియోలో పెట్టండి.

ఆ పెట్టె అయిపోతే నెట్ సెంటర్ల కాలం ఉంది. గంటకి ఇరవై రూపాయలు ఇచ్చి, వెనక వరసలో నిలబడ్డవాళ్ల సలహాలు వింటూ ఆడిన డేంజరస్ డేవ్, రోడ్ ర్యాష్, 2002 నాటి వైస్ సిటీ. 2000లో వచ్చిన ఐజీఐలో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు, గంట అయిపోతే మొత్తం మొదటికి రావాలి. దాని వల్ల నెట్ సెంటర్ ఓనర్లు ఎంత బాగుపడ్డారో ఎవరూ లెక్క వేయలేదు. ఈ సంగతులు ఇంగ్లీషులో వివరించినవాళ్లు చాలామంది ఉన్నారు. మీ అమ్మమ్మ చీపురుతో సహా తెలుగులో చెప్పగలిగింది మీరే.

సరే, మీ మూడు ప్రశ్నలు.

లింకు పెట్టకండి. దీని మీద చర్చ కూడా అనవసరం. ఆ యాప్‌ని గేమింగ్ అని మీతో చెప్పిన మనిషి అబద్ధం చెప్పాడు. రంగు చెప్పి డబ్బు పెట్టడం జూదం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటను ప్రచారం చేసినవాళ్లకి రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా అందులో ఉన్నాయి. అంతకు కొన్ని నెలల ముందే, మార్చిలో, బెట్టింగ్ యాపులకి ప్రచారం చేశారని హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు సినిమావాళ్లతో సహా చాలామంది మీద కేసులు పెట్టారు. వాళ్లకి లాయర్లు ఉన్నారు. మీకు నెలకి పదిహేను వేల ఆశ తప్ప ఏం ఉంది? 412 మంది ఉన్న ఛానల్‌కి అంత ఎందుకు ఇస్తానన్నాడో కూడా ఆలోచించండి. ఒక్క కుర్రాడు ఆ లింకు నొక్కి పోగొట్టుకునే డబ్బులోంచే వాడు మీ పదిహేను వేలు తీస్తాడు. ఆట వీడియోలు చూసేది ఎక్కువగా బడి పిల్లలూ కాలేజీ పిల్లలూ అని మీకు నేను చెప్పాలా? తాను ఆమోదించని జూదం సైట్ల లింకులు పెడితే యూట్యూబ్ కూడా ఊరుకోదు. ఆయన్ని టెలిగ్రామ్‌లో ఈ రోజే బ్లాక్ చేయండి.

మామూలు బీజీఎంఐ ఆడటం తప్పా అని మీరు అడగలేదు గానీ ఇంట్లోవాళ్లకి ఈ అనుమానం వస్తుంది. కాదు. ఆ చట్టం ఈ-స్పోర్ట్స్‌ని, అంటే పోటీలుగా ఆడే వీడియో గేములని, విడిగా గుర్తించింది. దాని గొడవంతా డబ్బు పందేల మీదే.

ఉద్యోగం మానేయకండి. బావమరిదికి మీ మీద ప్రేమ ఉంది, కాదనను. ఆయన మాట మాత్రం లెక్కకి నిలవదు. ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దానితోపాటు ఏడాదిలో నాలుగు వేల గంటలు జనం మీ వీడియోలు చూసి ఉండాలి. లేదా తొంభై రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. నాలుగు వేల గంటలంటే రెండు లక్షల నలభై వేల నిమిషాలు. మనిషి సగటున నాలుగు నిమిషాలు చూస్తాడనుకుంటే ఏడాదికి అరవై వేల వ్యూస్. అసాధ్యమేం కాదు. కానీ అది గుమ్మం మాత్రమే. అది దాటాక మామూలు వీడియోల ప్రకటనల మీద వచ్చేదాంట్లో 55 శాతం మీది. ఆ రేటు చూసేవాళ్లు ఏ దేశంలో ఉన్నారన్న దాని మీద ఆధారపడుతుంది. మన దేశంలో వెయ్యి వ్యూస్‌కి వచ్చేది అమెరికాలో వచ్చేదానికంటే చాలా తక్కువ. వచ్చింది కూడా వంద డాలర్లు పోగయ్యేదాకా చేతికి ఇవ్వరు. దీన్ని నమ్ముకుని జీతం వదులుకోమనే మనిషి పాప స్కూలు ఫీజు కడతాడేమో అడగండి.

ఇంకొకటి. ఒకే ఆటని నమ్ముకున్నవాళ్లకి మన దేశంలో ఏమైందో చూశాం. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్ నిషేధించారు. 2021 జులైలో బీజీఎంఐగా వచ్చింది. ఏడాది దాటగానే, 2022 జులైలో, అది కూడా స్టోర్ల నుంచి మాయమైంది. మళ్లీ 2023 మేలో తిరిగొచ్చింది. మధ్యలో 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది. రాత్రి ఉన్న ఆట తెల్లారేసరికి లేకపోతే దాని మీద కట్టిన ఛానల్ ఏం కావాలి? పెద్ద పెద్ద ఛానళ్లవాళ్లే అప్పుడు ఏం ఆడాలో తెలియక దిక్కులు చూశారు. మీ అటక మీది క్యాసెట్టుని ఏ ప్రభుత్వమూ స్టోర్లోంచి తీసేయలేదు.

పీసీ కూడా వద్దు, ఇప్పుడైతే. లక్షన్నరకి రెండేళ్ల ఈఎంఐ అంటే వడ్డీతో నెలకి ఏడు వేల పైమాటే. అది నెత్తి మీద ఉంటే ప్రతి వీడియోని ఈ నెల వాయిదా వచ్చిందా లేదా అనే కొలుస్తారు. అప్పుడు టెలిగ్రామ్ మనిషి మళ్లీ వస్తే కాదనడం కష్టం. ఏడాది తర్వాత కూడా వారానికో వీడియో తీస్తూ, పీసీ లేకపోవడం వల్లే ఫలానా పని ఆగిందని వేలు పెట్టి చూపించగలిగితే అప్పుడు కొనండి, అది కూడా దాచుకున్న డబ్బుతో.

మీ ఆవిడ చెప్పింది మాత్రం ఆ ముగ్గురిలోకీ తెలివైన మాట. ఆవిడ మిమ్మల్ని ఆడొద్దనలేదు, వీడియోలు తీయొద్దనలేదు. పొద్దున్నే నంబర్లు చూడొద్దంది. ఆ యూట్యూబ్ స్టూడియో యాప్‌ని ఫోన్లోంచి తీసేయండి. చూడాలనిపిస్తే ఆదివారం ల్యాప్‌టాప్‌లోనో, ఎవరి సిస్టమ్‌లోనో ఒక్కసారి చూసుకోండి. 412 అన్నది 415 అయిందో లేదో రోజుకి పదిసార్లు చూస్తే ఒకటి కూడా పెరగదు. రోజూ రెండున్నర గంటల లైవ్ కూడా ఆపేయండి. వారానికి రెండు రాత్రులు చాలు, ఏ రాత్రులో ఆవిడతో మాట్లాడి పెట్టుకోండి. మిగతా ఐదు రాత్రులు నిద్రపోండి. నెలాఖరు లెక్కల్లో తప్పులు వస్తే ఛానల్ కాపాడదు.

ఆవిడకి ఆట మీద కోపం లేదన్నారు గదా, బాతుల ఆటలో ఒక సదుపాయం ఉంది. ఒకే బాతు ఎగిరే ఆట పెట్టుకుంటే తుపాకీ ఒకరి చేతిలో, రిమోట్ ఇంకొకరి చేతిలో పట్టుకోవచ్చు. రిమోట్ పట్టుకున్నవాళ్లు బాతును ఎటు కావాలంటే అటు తిప్పి తప్పించవచ్చు. ఇది తెలియకుండానే ఎన్ని ఇళ్లలో ఎన్ని సెలవులు గడిచిపోయాయో. రెండేళ్లుగా లైవ్‌లతో విసిగించిన మొగుడి గురి తప్పించే అవకాశం ఆవిడకి ఇచ్చి చూడండి. పాపని కెమెరా ముందుకు మాత్రం తేవద్దు. నవ్వు వినిపిస్తే చాలు, మొహం అక్కర్లేదు.

ఇక తీసే పని. ముందు ఒక పిక్చర్‌ట్యూబ్ టీవీ సంపాదించండి. టీవీ రిపేరు షాపుల్లో, పాత సామాన్లవాళ్ల దగ్గర ఇంకా మూలన పడి ఉంటాయి. పనిచేసేది చూసుకుని తెచ్చుకోండి, వెనక మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపల ప్రమాదకరమైన కరెంటు నిలవ ఉంటుంది. పాత అడాప్టర్ వేడెక్కుతుంటే అదే ఓల్టేజీది, అదే పిన్ను తీరుది కొత్తది కొనండి. తెరని ఫోన్‌తో తీస్తే నల్ల పట్టీలు పాకుతూ కనిపిస్తాయి. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే షట్టర్‌ని 1/50కి పెట్టండి, మన దేశపు టీవీల లెక్క అదే కాబట్టి పట్టీలు చాలావరకు పోతాయి. మీ ఫోన్‌లో స్లో మోషన్ ఉంటే ట్రిగ్గర్ నొక్కిన క్షణాన్ని అందులో తీయండి. నల్ల తెర, దాని వెనకే తెల్ల చదరం కనిపిస్తాయి. నేను పైన పేరాలు పేరాలుగా రాసిందంతా మీరు రెండు సెకన్లలో చూపించేస్తారు. మీ వీడియోకి పైన పెట్టే బొమ్మ కూడా అదే.

మాటకి ఇయర్‌ఫోన్ మైకు చాలు. బట్టల బీరువా తలుపులు తెరిచి దానికి ఎదురుగా కూర్చుని మాట్లాడితే గది మోత తగ్గుతుంది. కంప్యూటర్‌లో రికార్డు చేయాల్సి వస్తే ఓబీఎస్ స్టూడియో ఉచితం, ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఉంది, అది ఆడే సిస్టమ్ లేకపోతే ఫోన్‌లోనే కత్తిరించుకోండి. వీడియో ఎనిమిది నిమిషాలు దాటనివ్వకండి. బ్యాక్‌గ్రౌండ్‌లో సినిమా పాట పెట్టకండి, హక్కులవాళ్ల మనిషి కంటే ముందు వాళ్ల యంత్రం పట్టుకుంటుంది. వైస్ సిటీ లాంటి ఆటల్లో కారు రేడియో పాటలకి కూడా ఇదే తలనొప్పి, ఆట ఆడేటప్పుడు రేడియో కట్టేయండి. నింటెండో 2018లో వీడియోల గురించి నియమాలు ప్రకటించింది. మాటా వివరణా లేకుండా ఆటని ఉన్నది ఉన్నట్టు ఎక్కించడాన్ని అది ఒప్పుకోదు, మీ సొంత వ్యాఖ్యానం ఉంటే అభ్యంతరం లేదు. మీ పెట్టె నకలు అని వీడియోలో దాచకుండా చెప్పండి. ఆటలు ఎక్కడ డౌన్‌లోడ్ చేసుకోవాలని అడిగేవాళ్లకి లింకులు ఇవ్వకండి. ఎప్పుడో డబ్బులు రావడం మొదలైతే ఉద్యోగ నియామక పత్రంలో పక్క ఆదాయం గురించి ఏముందో ఒకసారి చదువుకోండి. పన్ను సంగతి మీకు నేను చెప్పడం బాగోదు.

మొదటి వీడియో తుపాకీదే పెట్టండి. కింద కామెంట్లలో, "మా క్యాసెట్లో అలా ఉండేది కాదు, మా తుపాకీ బల్బుకి పెట్టినా బాతు పడేది" అని వాదించేవాళ్లు తప్పకుండా వస్తారు. నకళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు చేశారు కాబట్టి వాళ్లు చెప్పేది కూడా నిజమే కావచ్చు. వాళ్లతో గొడవ పెట్టుకోకుండా, ఆ పెట్టె ఇంకా వాళ్ల దగ్గర ఉందేమో, నాలుగు రోజులు అరువిస్తారేమో అడగండి.